అప్‌డేట్: నాయనతో మైలవరం దగ్గర గాలం వేట

నాయనకు 60 నిండాయి, గైడ్‌ను పెట్టుకుని గాలం వేటకు తీసుకెళ్లి రాత్రి గండికోటలో ఉండొచ్చా అని పోయిన నెల అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

కడప జిల్లా మైలవరం జలాశయం అంచున గడ్డి మొలిచిన లోతు తక్కువ నీళ్లలో కొర్రమీను కోసం గాలానికి ఎరగా రబ్బరు కప్ప వేశాం. ఈ చేప గాలి పీల్చడానికి పైకి వస్తుంది. అక్కడ బుడగ కనిపిస్తే దానికి కాస్త ముందుకు విసరాలన్నాడు గైడన్న. నాకు వచ్చిన మొదటి మూడు చేపలూ తప్పించుకున్నాయి. చేప కప్పను పట్టగానే లాగేశాను, అదే తప్పు. మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టి, దారం బిగిశాక లాగాలి. నాయన అలాగే చేసి కిలోపైన ఉన్న చేపను పట్టాడు. ఆయన చేతులు వణికాయి, నా కళ్లు చెమర్చాయి.

ఒకచోట ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు నీటిపైన కదులుతోంది. తల్లిదండ్రులు కిందే కాపలా ఉంటాయి, వాటిని పడితే పిల్లలన్నీ పోతాయని గైడన్న పడవను పక్కకు తిప్పాడు. ఆ మాటతో ఆయనపై గౌరవం పెరిగింది.

బస మాత్రం నిరాశే. వేడినీళ్లు లేవు, ముందే చెప్పినా భోజనం పదింటికి వచ్చింది. అయితే జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి బాగున్నాయి. తెల్లవారుజామున పెన్నా లోయ అంచున నాయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. చలికాలంలో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి అమ్మ కూడా వస్తానంది.