సయాటికాకు తెర చూసి వేసే సూది: వేయించాలా, ఆగాలా?

జీడితోట, పర్లాకిమిడి:
నాన్నగారికి సయాటికా అన్నారు, నొప్పి పిర్ర నుంచి పిక్క మీదుగా కాలి బొటనవేలి దాకా లాగుతోంది. మొదలై ఐదారు వారాలైంది. నాలుగు, ఐదు నడుము పూసల మధ్య డిస్కు జారి నరాన్ని ఒత్తుతోందని ఎమ్మారైలో వచ్చింది. ఎక్స్‌రే తెర మీద చూస్తూ వెన్నులో స్టెరాయిడ్ సూది వేస్తామని విశాఖలో అన్నారు. బరంపురంలో చూపిస్తే కొన్నాళ్లు ఆగమన్నారు. ఎవరి మాట వినాలి?

రాయగడ మాస్టారు:
వద్దనే నా సలహా. మా వీధిలో ఒకాయన నడుము నొప్పికి ఏటా వేయించుకుంటాడు. నాలుగు రోజులు హుషారుగా తిరుగుతాడు, మళ్లీ మంచం ఎక్కుతాడు.

ఫిజియో, బరంపురం:
మాస్టారూ, ఆయనకు కాలు కూడా లాగేదా, ఉత్త నడుమేనా? తేడా అంతా అక్కడే ఉంది. ఏ చికిత్స ఎప్పుడు వాడాలో చెప్పే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో ఉత్త నడుము నొప్పికి వెన్ను సూదులు వద్దంది. కొత్తగా వచ్చిన తీవ్రమైన సయాటికాకైతే ఆలోచించవచ్చంది. జారిన డిస్కు గుజ్జు నరాన్ని ఒత్తడంతో ఊరుకోదు, దాని చుట్టూ వాపు రేపుతుంది. స్టెరాయిడ్ అణిచేది ఆ వాపునే. డిస్కును వెనక్కి నెట్టదు.

ఇక తెర సంగతి. రోగిని బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం కింద సూది దించుతారు. అసలు మందుకు ముందు ఎక్స్‌రేలో కనిపించే ద్రవం కొద్దిగా వదులుతారు. చోటు సరైనదైతే అది నరం వెంట సన్నగా పాకుతుంది. రక్తనాళంలో పడితే చూస్తుండగానే కొట్టుకుపోతుంది, అప్పుడు సూది మార్చాలి.

రాయగడ మాస్టారు:
సూది చోటు తప్పదు, ఒప్పుకున్నాను. ఫలితం సంగతి? ఉత్తుత్తి సూదితో పోలిస్తే కాలి నొప్పిలో లాభం కొంచెమే, అదీ కొద్దికాలమేనని పరిశోధనలన్నీ కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. అరుదుగానైనా చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. ఇంగ్లీషు సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకునే ముందు ఇదంతా ఎవరు చదివి వినిపిస్తున్నారు?

పాతపట్నం కోడలు:
నాకు ఎవరూ వినిపించలేదు మాస్టారూ. అయినా వేయించుకున్నాను. పడుకోలేక గోడకు చేరబడి తెల్లవార్లూ కూర్చునేదాన్ని. సూది పడ్డాక కొన్ని గంటలు కాలు మొద్దుబారింది. వారం తిరిగేసరికి లాగడం తగ్గింది, నడుము పట్టు మాత్రం అలాగే ఉంది. షుగరు కొన్నాళ్లు ఎగిరింది, ఆ మాటా ముందు చెప్పలేదు. సూది లేకున్నా తగ్గేదేనంటారు మా ఆయన. నిద్రపోయినవారు ఎన్నైనా అంటారు!

జీడితోట, పర్లాకిమిడి:
నాన్నగారికీ షుగరు ఉందమ్మా. రాత్రి నిద్ర మాత్రం పడుతోంది, మెల్లగా నడుస్తున్నారు.

ఫిజియో, బరంపురం:
అయితే ఆగమన్న మాటే నాకు నచ్చింది. చాలామందికి ఆ గుజ్జు వారాల్లో, నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుంది. నొప్పి ముదిరి నిద్ర చెడితే అప్పుడు సూది ఆలోచించండి. షుగరు గురించి, రక్తం పలచబరిచే మాత్రలుంటే వాటి గురించి ముందే చెప్పండి, సొంతంగా ఆపవద్దు. పాదం వేలాడినా, మూత్రం బిగుసుకున్నా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా ఎవరి సలహా కోసమూ చూడకండి. ఆ రాత్రే ఇక్కడి ఎంకేసీజీ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకురండి.

రాయగడ మాస్టారు:
ఆ చివరి మాటతో నాకు పేచీ లేదు. సూది మీద మాత్రం ఉంది.