లక్షన్నర దాటిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్: ఆయిల్ మార్చాలా, ముట్టుకోకూడదా?

గేరు_గోల:
టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) ఉన్న ఆరు గేర్ల ఆటోమేటిక్. 1,50,000 కి.మీ. దాటింది, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) ఒక్కసారీ మార్చలేదు. మాన్యువల్‌లో ‘లైఫ్‌టైమ్ ఫిల్’ (జీవితాంతం మార్చక్కర్లేదు) అని ఉంది. గేర్లు మామూలుగానే పడుతున్నాయి. ఇన్నాళ్లూ మార్చనిది ఇప్పుడు మారిస్తే బాక్స్ పోతుందని కొందరు, మార్చకపోతేనే పోతుందని కొందరు. కారణం చెప్పి వాదించండి, ‘మా మెకానిక్ అన్నాడు’ వద్దు.

పాతకాపు:
ముట్టుకోవద్దు. అరిగిన క్లచ్ ప్లేట్ల నుంచి రాలిన పొడి పాత ఆయిల్‌లో తేలుతూ ఉంటుంది, ఆ ప్లేట్లకు ఉన్న కాస్త పట్టూ దానివల్లే. కొత్త ఆయిల్‌లో డిటర్జెంట్లు తాజాగా ఉంటాయి. లోపల పేరుకున్న జిగురు కదిలి వాల్వ్ బాడీలో (ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే భాగం) సాలినాయిడ్లకు (కరెంటుతో నడిచే వాల్వులు) అడ్డం పడుతుంది. మార్చిన వారంలోనే జారడం మొదలైందని మొత్తుకునేవాళ్లు తక్కువేం కాదు.

నట్టుబోల్టు:
పాతకాపు గారూ, ఆ మొత్తుకునేవాళ్లలో ఎక్కువమంది ఆయిల్ ఎందుకు మార్పించారో అడగండి. బాక్స్ అప్పటికే జారుతోందని! కాలిపోయిన ప్లేటును కొత్త ఆయిల్ బాగుచేయదు. ప్లేటు ఎలాగూ పోతుంది, నింద మాత్రం ఆయిల్ మీద పడుతుంది.

ఇక పొడి సంగతి. పొడి మీద ఆధారపడే ప్లేటు ఉందంటే దాని రోజులు దగ్గరపడ్డట్టే. అదే పొడి సాలినాయిడ్ వాల్వుల సందుల్లో దూరి బోర్‌ను అరగదీస్తుంది, ప్రెజర్ లీకవుతుంది, క్లచ్ పూర్తిగా బిగియక జారుతుంది, జారితే మరింత పొడి. ఇది ఆగే చక్రం కాదు.

ఏటీఎఫ్ నూనె మాత్రమే కాదు. ప్రెజర్ మోసేది అదే, వేడి తీసుకుపోయేది అదే, క్లచ్ ఎంత మెత్తగా పట్టాలో తేల్చేదీ అందులోని ఫ్రిక్షన్ మాడిఫయర్లే. అవి వేడికి క్షీణిస్తాయి. నిలకడ వేగంలో టార్క్ కన్వర్టర్ లాకప్ అయ్యేటప్పుడు (ఇంజిన్‌నూ బాక్స్‌నూ నేరుగా బిగించేటప్పుడు) రోడ్డు గతుకుల్లాంటి వణుకు వస్తే ముందు అనుమానించాల్సింది ఆయిల్‌నే.

‘లైఫ్‌టైమ్’ అన్నది కారు తయారీదారు మాట. బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కి.మీ. లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది.

పాతకాపు:
జెడ్‌ఎఫ్ మాట కాదనను. కానీ అది మొదటినుంచీ వేళకు మార్చేవాళ్లకు. గడువు దాటి ఎంతో తిరిగిన బాక్స్‌కు మెషిన్ పెట్టి ఒక్కసారిగా ఫ్లష్ చేస్తేనే (పాత ఆయిలంతా తోసేస్తేనే) ప్రమాదం అంటున్నా.

నట్టుబోల్టు:
ఫ్లష్ చేయమని ఎవరన్నారండీ? పాన్ (బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పకుండా, ఫిల్టర్ మార్చకుండా, క్లీనర్ కలిపి మెషిన్‌తో తోయడం నాకూ ఇష్టం లేదు. డ్రెయిన్ చేసి నింపడం వేరే పని.

పానాపట్టీ:
అసలు తేడా అక్కడే ఉంది, లెక్క చూడండి. మొత్తం 8 లీటర్లు పట్టే బాక్స్‌లో డ్రెయిన్ ప్లగ్ విప్పితే 3.5 లీటర్లు వస్తుందనుకుందాం. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, క్లచ్ డ్రమ్ముల్లో ఉండిపోతుంది. మొదటిసారికి 44 శాతం కొత్తది. మధ్యలో కాస్త నడిపి మళ్లీ చేస్తే 68, మూడోసారికి 82. దుమ్ము కొద్దికొద్దిగా బయటికొస్తుంది, ఒక్కసారిగా కదలదు.

చేసే వరుస: ముందు ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) వదులు చేయండి. అది తుప్పుపట్టి రాకపోతే, డ్రెయిన్ చేసేశాక బండి అక్కడే ఇరుక్కుంటుంది. వచ్చిన పాత ఆయిల్‌ను కొలత గిన్నెలో పట్టి అంతే కొత్తది పోయండి. పాన్ విప్పితే అయస్కాంతం చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలే. గోటికి తగిలే ఇనుప ముక్కలు గాని, దండిగా నల్లటి ప్లేటు పొరలు గాని ఉంటే అక్కడితో ఆగి బాక్స్ విప్పించాల్సిందే. పాన్ బోల్టులు చాలా బాక్సులకు 8–12 న్యూటన్ మీటర్లే. బలమంతా పెడితే పాన్ అంచు వంగి కారుతుంది.

అసలు చిక్కు లెవెల్ దగ్గర. డిప్‌స్టిక్ లేని బాక్సుల్లో ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, బ్రేక్ తొక్కి, లీవర్‌ను ప్రతి స్థానంలో రెండు మూడు సెకన్లు ఆపుతూ తిప్పి పార్కింగ్‌లోకి తేవాలి. ఆయిల్ వేడి మాన్యువల్‌లో చెప్పినంతకు, చాలావాటికి 35–45 డిగ్రీల దగ్గరకు, వచ్చాక ఓవర్‌ఫ్లో ప్లగ్ తీయాలి. సన్నటి ధార చుక్కలుగా మారగానే మూసేయండి. వేడి ఎక్కువైతే ఆయిల్ వ్యాకోచించి అవసరమైనది కూడా కారిపోతుంది. చల్లగా ఉండగా చూస్తే ఎక్కువ పోసేస్తారు, అది తర్వాత నురగెత్తి ప్రెజర్ పడిపోతుంది. వేడిని స్కానర్‌లోనే (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) చూడండి, పాన్‌కు చెయ్యి ఆనించి కాదు. ‘మార్చాక బాక్స్ పోయింది’ అన్న కేసుల్లో సగానికి పైగా ఈ లెవెల్ తప్పే అని నా నమ్మకం.

రెండు_పెడళ్లు:
ఇది సీవీటీ (గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) వాళ్లెవరైనా చదివితే: మీ ఫ్లూయిడ్ వేరు. ఏటీఎఫ్ పోస్తే బెల్టుకూ పుల్లీకీ మధ్య పట్టు తప్పుతుంది. అలాగే ‘అన్ని బాక్సులకూ ఒకటే’ డబ్బా కంటే లేబుల్ మీద మీ మాన్యువల్‌లోని స్పెక్ పేరు ఉన్నదే కొనండి.

గేరు_గోల:
మార్చాక అడాప్టేషన్ (బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు) రీసెట్ చేయాలా?

నట్టుబోల్టు:
చేయాలి. పాత ఆయిల్‌కు నేర్చుకున్న ప్రెజర్లు కొత్తదానికి సరిపడవు.

పానాపట్టీ:
ఇక్కడ మీతో ఏకీభవించను. ప్లేట్లు ఎంత అరిగాయో కూడా ఆ అడాప్టేషన్‌లోనే ఉంది. చెరిపితే బాక్స్ కొత్త ప్లేట్లనుకుని మొదలుపెడుతుంది, నేర్చుకునేదాకా గేరు మారినప్పుడల్లా కుదుపు. తయారీదారు పద్ధతిలో రీసెట్ ఉంటే, ఆ తర్వాతి లెర్నింగ్ డ్రైవ్‌తో సహా చేయండి. లేకపోతే వదిలేయండి, అదే సర్దుకుంటుంది.

పాతకాపు:
సరే, డ్రెయిన్ పద్ధతికి ఒక షరతు మీద ఒప్పుకుంటా. విప్పేముందు పరీక్ష చేయాలి. చల్లని బాక్స్‌ను న్యూట్రల్ నుంచి డ్రైవ్‌లో వేస్తే రెండు సెకన్లు దాటి గాని పట్టకపోయినా, యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోయినా ఆయిల్ డబ్బా తెరవొద్దు. ఆయిల్ ఖర్చూ దండగే, తర్వాత రిపేర్ ఖర్చూ తప్పదు.

నట్టుబోల్టు:
ఆ షరతుకు అభ్యంతరం లేదు. గేరు_గోల గారి బాక్స్‌కు ఆ లక్షణాలేవీ లేవు కాబట్టి మొదటి విడత కానివ్వండి. అయస్కాంతం ఫొటో పెట్టండి, రెండో విడత సంగతి అది చూశాక మాట్లాడదాం.