డిగ్రీ, పీజీలో బ్లాగు, వికీ రాతకు ఇంటర్నల్ మార్కులు ఇవ్వాలా?

ఎంవీపీ కాలనీ హిస్టరీ లెక్చరర్:
అసైన్‌మెంట్లకిచ్చే ఇంటర్నల్ మార్కుల్లో కొన్నింటిని బ్లాగు, వికీ (అందరూ కలిసి రాసి దిద్దుకునే వెబ్ పేజీలు) రాతకు మళ్లిద్దామని మా డిపార్ట్‌మెంట్‌లో అడిగాను. చాలామంది వద్దన్నారు. ఇప్పుడు పిల్లలు సీనియర్లవి చూసి రాసేస్తున్నారు, మేం సంతకం పెడుతున్నాం, కాగితాలు బీరువాలోకి పోతున్నాయి. ఎవరూ చదవని దాన్ని శ్రద్ధగా ఎందుకు రాస్తారు? భీమిలి రోడ్డులో తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాలు ఉన్నాయి. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ ఉంది. వీటి ముఖం చూడకుండానే బౌద్ధం పాఠం అయిపోతోంది. ఒక బ్యాచ్ ఒక స్థలం మీద వికీ పేజీ రాస్తే, తర్వాతి బ్యాచ్ దాన్ని సరిదిద్ది పెంచితే, అది చదువు కాదా?

భీమిలి రిటైర్డ్ మేస్టారు:
ఉద్దేశం మంచిదేనమ్మా. కానీ మార్కులు పెట్టగానే అదీ రికార్డు రాతే అవుతుంది. చేత్తో కాపీ కొట్టినా రాసినంతసేపు విషయం కళ్ల ముందుంటుంది. ఇప్పుడైతే చాట్‌జీపీటీని అడిగి అతికించేస్తారు, చదవను కూడా చదవరు. గ్రూపుకి ఒక పేజీ అంటే ఒకరు రాస్తారు, మిగతావాళ్లకి ఊరికే మార్కులు. పైగా సెమిస్టర్ చివర రాసేది కాగితం మీదే. ఆ సాధన ఎప్పుడు?

గాజువాక పీజీ విద్యార్థిని:
నేను పడ్డదాన్ని కాబట్టి చెప్తున్నాను. డిగ్రీలో మాకు వారం వారం బ్లాగు పోస్టు, తోటివాళ్ల పోస్టుల కింద కామెంట్లు కంపల్సరీ. అందరం "చాలా బాగుంది" అని రాసుకునేవాళ్లం. సార్ లెక్కపెట్టి మార్కులు వేశారు తప్ప ఒక్కదానికీ జవాబు రాయలేదు. నా పేరు, కాలేజీ పేరు అందరికీ కనిపించడంతో ముక్కూ మొహం తెలియనివాళ్లు మెసేజ్‌లు పెట్టారు. ఇంట్లో టెన్షన్.

అయినా పూర్తిగా వద్దనను. స్టీల్ ప్లాంట్ కోసం భూములిచ్చి ఊళ్లు ఖాళీ చేసిన రోజుల గురించి మా తాతయ్య చెప్పింది ఒకసారి రాశాను. దాన్ని మాత్రం నిజంగా చదివారు. మావాళ్లు కూడా నిర్వాసితులేనంటూ కొందరు ఇళ్లలో అడిగొచ్చి రాశారు. ఏ అసైన్‌మెంట్‌తోనూ అలా జరగలేదు.

తెలుగు వికీపీడియా వాడుకరి:
2011లో పుణెలో కొన్ని కాలేజీల విద్యార్థుల చేత ఇంగ్లీషు వికీపీడియాలో రాయించే కార్యక్రమం పెట్టారు. పాఠ్యపుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి ఎత్తిన పేరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. జీతం లేకుండా పనిచేసే వాడుకరులు వాటిని ఏరలేక అలిసిపోయారు. ఆ ఏడాదే దాన్ని ఆపేశారు. కాపీహక్కుల సంగతి సరిగ్గా నేర్పకుండా వందలమందిని ఒకేసారి దింపితే అంతే. తెవికీ (తెలుగు వికీపీడియా) 2003 నుంచి నడుస్తున్నా రోజూ పనిచేసేవాళ్లు కొద్దిమందే. ఆ బరువు మా మీద వేయకండి.

ఇంకోటి. సొంత పరిశోధన, సొంత అనుభవం వికీపీడియాలో చెల్లవు, అచ్చయిన ఆధారం కావాలి. తొట్లకొండలో 1988-93 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపిందని మూలం చూపి రాయొచ్చు. గాజువాక చెల్లి రాసిన తాతయ్య మాటలు అక్కడ నిలవవు, వాటికి బ్లాగే సరైన చోటు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఎంవీపీ కాలనీ హిస్టరీ లెక్చరర్:
మేస్టారూ, కాపీ గురించి మీరన్నదానికే నాకు వికీ కావాలి. అందులో "చరిత్ర" ట్యాబ్ ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మాట తీసి ఏ మాట పెట్టారో మొత్తం కనిపిస్తుంది. కాగితం మీద అసైన్‌మెంట్‌లో ఇది ఎప్పటికీ తెలియదు. గడువు ముందురోజు రాత్రి పేజీ అంతా ఒక్కసారే వచ్చిపడితే ఏం జరిగిందో అర్థమైపోతుంది. ముక్కలు ముక్కలుగా అతికించి మభ్యపెట్టొచ్చు, నిజమే. అందుకే చిన్న వైవా పెడతాను: ఈ వాక్యం ఎందుకు తీసేశావు, ఇది ఏ పుస్తకంలో చూశావు? నేను మార్కులు వేసేది ఆ మార్పులకీ, ఆ జవాబులకీ. పేజీ ఎంత అందంగా ఉందన్నది నాకు అనవసరం. చరిత్ర ట్యాబ్ చదివే ఓపిక లేని లెక్చరర్ వికీ జోలికి పోకపోవడమే నయం.

ఇక అమ్మాయి పడిన బాధ ఎవరికీ రాకూడదు. మూడుల్ అని ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఉచితం, అందులోనే వికీ ఉంది, లాగిన్ ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టుకోవచ్చు. బ్లాగులు కూడా క్లాసు వరకే. బయట పెట్టాలా వద్దా అన్నది సెమిస్టర్ అయ్యాక పిల్లల ఇష్టం. తెవికీకి బాగా వచ్చిన పేజీలే, అవీ ముందు ప్రయోగశాలలో (అక్కడి చిత్తు పేజీలో) పెట్టి, తెవికీ వాడుకరులు సరేనన్నాకే.

భీమిలి రిటైర్డ్ మేస్టారు:
సెక్షన్‌కి అరవైమంది ఉంటే అవన్నీ ఎవరు చదువుతారమ్మా? చాలా కాలేజీలు గెస్ట్ ఫ్యాకల్టీతో నడుస్తున్నాయి, ఉన్నవాళ్లకి కాలేజీకి నాక్ గుర్తింపు తెచ్చే ఫైళ్లతోనే సరిపోతోంది. మీరు చదువుతారు, నమ్ముతాను. మీ తర్వాత వచ్చినవాళ్లు పోస్టులు లెక్కపెట్టి మార్కులు వేస్తారు. నా భయమంతా అదే.

ఎంవీపీ కాలనీ హిస్టరీ లెక్చరర్:
ఆ భయం న్యాయమైనదే. అందుకని యూనివర్సిటీ రూలుగా కావాలని అడగను. ముందు ఒక్క సెక్షన్, ఐదుగురికి ఒక పేజీ. అప్పుడు నేను చదవాల్సినవి పన్నెండే. కాగితం మీద రాస్తామన్నవాళ్లని ఆపను.

గాజువాక పీజీ విద్యార్థిని:
మేడమ్, అలాగైతే ల్యాబ్ క్లాసు టైములోనే ఇప్పించండి. ఫోన్‌లో పేరాలు రాయగలం గానీ పట్టికలు, మూలాలు పెట్టడం చాలా కష్టం. సాయంత్రం బస్సులకి వెళ్లిపోయేవాళ్లు ఆగలేరు. పేజీ పని ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల చేతికే పోతుంది. మిగిలిన నలుగురూ పక్కన కూర్చుని చెప్పినా చరిత్ర ట్యాబ్‌లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల పేరు ఒక్కటే కనిపిస్తుంది.