కడుపు సున్నితంగా ఉన్న కుందేలుకు పచ్చి ఆకులు పెట్టాలా, మానిపించాలా?

చెవులపిల్లి:
నేను పెంచుకుంటున్న కుందేలుకు 3 ఏళ్లు, బరువు 2 కిలోలు. ఆకులు పెట్టిన మరునాడు పొద్దున్నే దాని వెనుక భాగపు బొచ్చుకు నల్లగా, జిగటగా, ముక్కు మూసుకోవలసినంత వాసనతో ఏదో అంటుకొని ఉంటోంది. పచ్చిమేత పూర్తిగా మానిపించి ఎండుగడ్డి, నీళ్లతోనే సరిపెట్టమని ఒక స్నేహితురాలు చెబుతున్నారు; ఆకులు మానిపించడమే తప్పని మరొకరి వాదన. పెల్లెట్లు (గుళికల రూపంలో దొరికే దాణా) మాత్రం గిన్నె ఖాళీ అయినప్పుడల్లా నింపుతున్నాను. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

ఎండుపరక:
మీ స్నేహితురాలి మాటే సరైనదని నా అభిప్రాయం. మేతలోని ముతక పీచు కుందేలు పేగులను కదిలిస్తుంది. సన్నని భాగం అంధనాళానికి (చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉండే సంచికి) చేరి అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. మేత హఠాత్తుగా మారినా, చక్కెర, పిండిపదార్థం ఎక్కువైనా ఆ సూక్ష్మజీవుల సమతూకం చెడి గ్యాస్ చేరుతుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు కనుక, లోపలికి పోయినదంతా పేగుల దారినే బయటికి రావాలి. అందుచేత ఆకులు, పండ్లు, క్యారెట్ అన్నీ రెండు వారాలు ఆపి, తిమోతి వంటి ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండేలా చూడండి.

నిదానం:
ఎండుపరక గారు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు గాని, దోషిని పొరపాటుగా ఎంచారని అనుకుంటున్నాను. బొచ్చుకు అంటుకున్నది విరేచనం కాకపోవచ్చు. కుందేలు గుండ్రని గట్టి పెంటికలతో పాటు, చిన్న ద్రాక్షగుత్తిలా అతుక్కొని జిగురు పొరతో మెరిసే మెత్తని పెంటికలను కూడా విసర్జిస్తుంది. అంధనాళంలో తయారైన వీటిని నేరుగా నోటితో అందుకొని తినేస్తుంది. వాటిలోని బి విటమిన్లు, మాంసకృత్తులు దానికి అవసరం. (మొదటిసారి చూసినప్పుడు నేను హడలిపోయాను.) పెల్లెట్లతో కడుపు నిండిన కుందేలు వీటిని తినకుండా వదిలేస్తుంది, లావెక్కినదానికి వంగినా అందవు, అప్పుడు వాటి మీదే కూర్చుంటుంది. గట్టి పెంటికలు మామూలుగానే ఉన్నాయేమో ముందు చూడండి. అవి కూడా లేకుండా నీళ్లలా పోతుంటే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి.

ఎదిగిన కుందేలుకు పెల్లెట్లు రోజుకు కిలో బరువుకు సుమారు 25 గ్రాములు చాలు, అంటే మీ దానికి 50. ఆకులను, పెల్లెట్లను ఒకేసారి తగ్గిస్తే ఏది కారణమో మీకు ఎప్పటికీ తెలియదు.

ఎండుపరక:
పెల్లెట్ల విషయం ఒప్పుకుంటున్నాను. గిన్నె నింపుతున్నారన్న మాటను నేను సరిగా గమనించలేదు. అయినా కారణం కనిపెట్టడం కోసం జంతువును అవస్థలో ఉంచడం నాకు నచ్చదు. ముందు కడుపు కుదుటపడనిచ్చి, ఆ తరువాత ఒక్కొక్క ఆకును చిటికెడంతతో మొదలుపెట్టి రెండు మూడు రోజులు గమనించడమే మేలు.

నిదానం:
ఆకులతో వచ్చే నీటిని మరచిపోతున్నారు. నీళ్లు తక్కువ తాగే కుందేలుకు కేవలం ఎండుగడ్డి మీద పేగుల్లోని మేత గట్టిపడుతుంది. ఆకులు ఆపినా ఆపకపోయినా, సీసాతో పాటు వెడల్పాటి గిన్నెలో కూడా నీళ్లు పెట్టండి. చాలా కుందేళ్లు గిన్నెలోనే ఎక్కువ తాగుతాయి.

చెవులపిల్లి:
నిన్న పెల్లెట్లు తూచి పెట్టాను. రాత్రికి 140 గ్రాములు తినేసింది. గడ్డి మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. బొచ్చును తడిగుడ్డతో తుడుస్తూ పరికించి చూస్తే, నలిగిన ముద్దలో మీరు చెప్పిన గుత్తి ఆకారం ఒక పక్క ఇంకా చెదరకుండా ఉంది. బోనులో గట్టి పెంటికలు కూడా ఉన్నాయి గాని, చిన్నవిగా కనిపించాయి. పెల్లెట్లను రెండు మూడు వారాల్లో మెల్లగా 50కి దించుతాను. ఆకుల్లో దానికి అలవాటున్న కొత్తిమీర ఒక్కటే ఉంచుతున్నాను. ఎండుపరక గారు ఒప్పుకోరని తెలుసు.

ఎండుపరక:
ఒప్పుకోను. పెంటికలు ఇంకా చిన్నవవుతున్నా, 12 గంటలు మేత ముట్టకపోయినా మా ఇద్దరిలో ఎవరి మాట నెగ్గిందో చూస్తూ కూర్చోకండి, వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.