కాల్‌సైన్ కొట్టగానే లాగ్‌లో టైము ఎక్కిపోతోంది, ఎట్లా సరిచేయాలి?

అందరికీ నమస్కారం. నాది కడప. మిద్దె మీద 40 మీటర్ల బ్యాండ్‌కి డైపోల్ యాంటెన్నా కట్టుకుని తెల్లారుజామున రేడియో ముందు కూర్చునే కొత్త హ్యామ్‌ని (సరదాకి రేడియోలో మాట్లాడే లైసెన్సుదారుణ్ణి). ఇన్నాళ్లూ ఎవరితో ఎప్పుడు మాట్లాడానో నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఈమధ్యే లాగింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా, అప్పటినుంచీ టైములతోనే తంటా.

అవతలి స్టేషన్ కాల్‌సైన్ (రేడియోలో వాళ్ల గుర్తింపు పేరు) టైప్ చేసి ట్యాబ్ నొక్కగానే మొదలైన టైము ఎక్కిపోతుంది. పైలప్‌లో (ఒకే స్టేషన్‌ని ఎందరో ఒకేసారి పిలిచేటప్పుడు) నా వంతు రావడానికి ఎంతసేపైనా పట్టొచ్చు కదా! మొన్న ఆదివారం 5:20కి కాల్‌సైన్ కొట్టా, 5:40కి అవతలి స్టేషన్ పలికింది, 5:43కి సేవ్ చేశా. మన 5:30కి యూటీసీలో (లాగ్‌లో రాసే ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీ మారుతుంది. దాంతో నా లాగ్‌లో మొదలు శనివారం 23:50, ముగింపు ఆదివారం 00:13. అవతలాయన లాగ్‌లో ఆదివారం 00:10 ఉంటుంది. ఎల్‌ఓటీడబ్ల్యూ (ఇద్దరి లాగ్‌లనూ సరిపోల్చే ఆన్‌లైన్ సర్వీసు) 30 నిమిషాల తేడా వరకు ఒప్పుకుంటుంది కాబట్టి అక్కడ గట్టెక్కా. కానీ మాట్లాడినట్టు రుజువుగా పంపే క్యూఎస్ఎల్ కార్డు మీద తప్పు తేదీ వేసి పంపడానికి మనసొప్పట్లేదు.

తెలిసినవాళ్లతో కబుర్లైతే ఇంకో తిప్పలు. మాటల్లో పడి టైప్ చేయడమే మర్చిపోతా. అంతా అయ్యాక ఎక్కిస్తే టైమ్ ఆన్, టైమ్ ఆఫ్ రెండూ ఒకటే.

కంప్యూటర్ గడియారం తప్పు కాదు. ఎఫ్‌టీ8 (గడియారం సరిగ్గా ఉంటేనే పనిచేసే డిజిటల్ మోడ్) కోసం ఇంటర్నెట్‌తో సింక్ చేసే పెట్టా, అది బాగానే డీకోడ్ అవుతోంది.

మీరు మొదలు టైమును ఎక్కడ లెక్కేస్తారు, అవతలివాళ్లు మన కాల్‌సైన్ పలికినప్పుడా, సిగ్నల్ రిపోర్టు ఇచ్చినప్పుడా? ఆ క్షణాన టైమును మళ్లీ పట్టుకునే బటనో, షార్ట్‌కట్టో మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఉంటే పేరుతో సహా చెప్పండన్నా.