‘డోసెంట్’కి తెలుగు మాట ఏది?

అందరికీ నమస్కారం. మొన్న అమ్మను బోస్టన్ లలితకళల మ్యూజియానికి తీసుకెళ్లాను. ఒక్కో బొమ్మ ముందు ఆగి, గంటసేపు ఓపిగ్గా చెప్పిన పెద్దావిడ మెడలో ఉన్న కార్డు మీద ‘డోసెంట్’ అని ఉంది. "అంటే ఏమిట్రా?" అంది అమ్మ. గైడు అని చెప్పేశాను గానీ, ఆవిడ చేసిన పనికి ఆ మాట చిన్నదనిపించింది.

ఇంటికొచ్చి చూస్తే, బోధించడం అనే అర్థమున్న లాటిన్ ‘డొకేరె’ దీనికి మూలం. డాక్టర్, డాక్యుమెంట్ కూడా ఆ వేరు నుంచి పుట్టినవే! జర్మనీలో ‘డోట్సెంట్’ అంటే ఇప్పటికీ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేవారు. ఆ మాటను మ్యూజియం పనికి 1900ల తొలినాళ్లలో వాడుకలోకి తెచ్చింది మేం వెళ్లిన ఆ బోస్టన్ మ్యూజియమే. అమెరికాలో చాలామంది డోసెంట్లు జీతం తీసుకోకుండా చేస్తారు.

మరి తెలుగులో ఏమనాలి? ‘మార్గదర్శి’ దారి చూపడం దగ్గరే ఆగిపోతుంది. ‘వ్యాఖ్యాత’ అనగానే టీవీ గుర్తొస్తుంది. ‘బోధకుడు’ అంటే చర్చి. సాలార్‌జంగ్ లాంటి మ్యూజియాల్లో పనిచేసినవాళ్లు, భాష తెలిసిన పెద్దలు ఎవరైనా ఉంటే, మీరు విన్న మాట చెప్పండి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకేలా అమిరేదైతే మరీ మంచిది.