జిల్లేడు నార మిల్లులు కొంటాయా?

పరకాల పోరడు:
మా చెలక పక్కన పడావు భూమి నిండా జిల్లేడే. థార్ ఎడారిలో కూడా ఇదే జాతి మొక్క, దాని నుంచి దారం తీయొచ్చని ఒక వీడియోలో చూశాను. గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు మాకు దగ్గరే కదా, తీసిస్తే కొంటారా? కాయల్లో దూది మంచిదా, కట్టె నారా? మా బాపు ఒకటే నవ్వుతున్నాడు.

కొత్తవాడ మగ్గం:
తమ్మీ, దూదిని చూసి ఆశపడకు. పట్టులా మెరుస్తుంది గానీ పోగు నున్నగా, లోపల బోలుగా ఉంటుంది, పైగా మైనం పూత. పత్తి పోగుకు మెలికలుంటాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఇది జారిపోతుంది. ఒట్టి జిల్లేడు దూదితో నూలు వడకడం కష్టం, పత్తిలో కలపాల్సిందే. దిండ్లలోకి ఓకే. నీళ్లు పీల్చదు, నూనె మాత్రం బాగా పీలుస్తుంది. మేం నేసే దర్రీలకైతే, అంటే జంపఖానాలకు, వద్దు.

ల్యాబ్ సార్:
కట్టె నార సంగతి వేరు. గట్టిది, వెనకట వింటి తాళ్లకు, చేపల వలలకు వాడేవారు. జనుములా నానబెట్టకుండా కట్టెలు కొంచెం ఎండనిచ్చి, నలగ్గొట్టి, తొక్క ఒలిచి చేత్తో పోగులు తీసేవారు. మిల్లుకు పనికొచ్చే సెల్యులోజ్, అంటే శుభ్రమైన నార పదార్థం, కావాలంటే కాస్టిక్ సోడాలో ఉడికించి లిగ్నిన్ (కట్టెను గట్టిగా ఉంచే పదార్థం), జిగురు వదిలించాలి, తర్వాత పెరాక్సైడ్‌తో తెలుపు చేయాలి. ఉడికించాక మిగిలే నల్లనీళ్లతోనే అసలు టెన్షన్, చెరువులో వదిలితే చేపలు బతకవు. ఇంకోటి, ముల్లు దిగితే పెట్టుకునే ఆ జిల్లేడు పాలే కంట్లో పడితే చూపుకు ప్రమాదం. కూలీలకు కళ్లద్దాలు, గ్లౌజులు ఇవ్వకుండా కోతకు దించొద్దు.

పరకాల పోరడు:
ఉడికించకుండా ఒలిచిన నార అట్లనే అమ్మలేమా సార్?

గట్టు మీద రైతు:
తాళ్లు పేనేవాళ్లకు అమ్మొచ్చేమో గానీ, మిల్లువాళ్లు టన్నుల్లో అడుగుతారు భయ్యా, అదీ ఏడాది పొడవునా ఒకే రకం. దానంతటదే మొలిచిన జిల్లేడులో ఒక్కో చెట్టు ఒక్కో తీరు. ఒలిచే కూలీకే పైసలన్నీ పోతాయి. మీ గట్ల మీద కిత్తనార (ముళ్ల మట్టల అగేవ్ మొక్క) ఉంటే ముందు దాన్ని చూడు. దానికి డీకార్టికేటర్ మిషన్ ఉంది, పచ్చి ఆకు పెడితే గుజ్జు గీకేసి నార ఇస్తుంది. క్వింటాల్ ఆకుకు 4 కిలోల దాకా ఎండు నార, అంతకు మించి ఆశించకు. రసం ఒంటికి తగిలితే దురద. జిల్లేడే కావాలనుకుంటే ఒక్క మోపు కొట్టి, ఒలిచి, ఎండిన నార తూకం వేసి, ఆ రోజు కూలీతో లెక్క కట్టి చూడు.

పరకాల పోరడు:
గట్టు మీద కిత్తనార ఉందన్నా, కంచెకని తాత పెట్టిందే. మిషన్ కిరాయికి ఎక్కడ దొరుకుతుంది?